చుర్రించె పక్కన మోచెయ్యి

వాల్దెమార్ ఇంటికి కొత్తగా ఎవరు వచ్చినా మొదట చూడవలసింది ముందుగది గోడమీది ఫొటో. చూడకపోతే ఆయనే చూపిస్తాడు. వచ్చినవాళ్ళ చేతికి మాతే ఆకుల తేనీటి బుర్ర, గొట్టంతో సహా అందించి, రెండు గుక్కలు పీల్చనిచ్చి, గొంతు సవరించుకుని, "అదుగో, చుర్రించె" అంటాడు. చుర్రించె అంటే పొలాల కంచెలమీద వాలే ఎర్రటి బుల్లి పిట్ట. ఆ పిట్ట పేరు పెట్టుకున్న గుర్రం ఒకటి, ఎవరూ లెక్కలోకి తీసుకోనిది, ముప్పై నాలుగేళ్ళ కిందట మరోన్యాస్ మైదానంలో జనవరి ఆరున, రాజుల పండుగనాటి పెద్ద పందెం గెలిచింది. ఫొటోలో దాని తాడు పట్టుకుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డ కుర్రవాడే వాల్దెమార్.

గెలిచిన గుర్రంతో ఫొటో అంటే మా మోంతెవిదేయోలో అదొక చిన్న తిరునాళ్ళ. ఓడిన గుర్రానికి యజమాని కూడా దూరపు చుట్టమే. గెలిచినదానికి మాత్రం నలభైమంది మేనమామలు పుట్టుకొస్తారు. యజమాని, ఆయన భార్య, జాకీ, శిక్షకుడు, వాళ్ళ వెనక బావమరదులు, మంగలి, మాంసం కొట్టువాడు, వాళ్ళ వెనక ఎవరికీ ఏమీ కానివాళ్ళు. గుర్రం ఒంటిమీద అరచెయ్యి ఆనించగలిగితే చాలు, వాడిని బయటికి లాగరు. అది మర్యాద కాదు.

ఆ రోజు వాల్దెమార్ అలా దూరినవాడే. ఇరవైనాలుగేళ్ళు, బస్సు కండక్టరు, డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చాడు. జనం తోసుకుపోతుంటే ఆ తోపులాటలో తనూ కొట్టుకుపోయాడు. ఎవరో తాడు చేతిలో పెట్టారు. ఫొటోగ్రాఫరు క్లిక్కుమనిపించాడు. అంతే. వచ్చే ఆదివారం వెళ్ళి ఒక కాపీ కొనుక్కుని, అద్దం కట్టించుకున్నాడు.

మొదటి ఏడాది "నేనక్కడే ఉన్నాను" అనేవాడు. పెళ్ళికి ముందు దెల్మాతో "ఆ గుర్రాన్ని సాకే సైసు నాకు బాగా తెలుసు" అన్నాడు. కూతురు మారీసొల్ పుట్టేసరికి, బస్సుల్లో చేరకముందు తానే ఒక లాయంలో సైసునని, చుర్రించెను తోమి, మేపి, నడిపించి పెంచింది తానేనని చెప్పేదాకా వచ్చాడు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలి కదా. ఒంటిమీది కండక్టరు యూనిఫారం లాయం యూనిఫారమైపోయింది. భుజాన వేలాడే టిక్కెట్ల సంచీ గుర్రాన్ని తోమే బ్రష్షుల సంచీ అయిపోయింది. ఒక్కటే ఇబ్బంది. ఫొటోలో వాల్దెమార్ భుజం వెనకనుంచి ఎవరిదో మోచెయ్యి పైకి లేచి ఉంటుంది. మొహం లేదు, ఒళ్ళు లేదు, ఉత్త మోచెయ్యి. అదెవరిదని పిల్లలు అడిగితే, "ఎవడో దూరిపోయినవాడు. గెలిచిన గుర్రం దగ్గర అలాంటివాళ్ళు ఈగల్లా ముసురుతారు" అని చెప్పేవాడు.

మధ్యలో మైదానం కొన్నేళ్ళు మూతపడింది. దేశమంతా బాధపడ్డది, వాల్దెమార్ తప్ప. "అయ్యో, లేకపోతే పిల్లల్ని తీసుకెళ్ళేవాణ్ణి" అనేవాడు హాయిగా. మళ్ళీ తెరిచాక మోకాళ్ళ నొప్పి మొదలైంది. ఎండలకు ఎక్కువయ్యేది. రాజుల పండుగ మా దగ్గర నడివేసవి.

ఈ లోపల మనవరాలు రోమీనాకు పదేళ్ళు నిండాయి. బళ్ళో వ్యాసం రాయమంటే "మా తాత, చుర్రించె" అని రెండు పేజీలు రాసింది. బ్రష్షుల సంచీతో సహా. టీచరు దాన్ని గోడకు అంటించింది. ఆరేళ్ళ మనవడు సీరో ఇంకా రాయలేడు కాబట్టి అక్కచేత రాయించుకున్నాడు, పండుగ ముందురాత్రి ఒంటెలమీద వచ్చి పిల్లల చెప్పుల దగ్గర కానుకలు పెట్టిపోయే ముగ్గురు రాజులకు ఉత్తరం. "నాకు బొమ్మలొద్దు. మా తాత తన గుర్రాల దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళాలి."

రాజులను అడిగినదాన్ని కాదనే తాత మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

పండుగ ముందురోజు సాయంత్రం సీరో చెప్పుల జత గుమ్మం దగ్గర పెట్టి, రాజుల ఒంటెలకోసం బకెట్టు నిండా గడ్డి, గిన్నెడు నీళ్ళు పెట్టాడు. తెల్లవారేసరికి గడ్డి సగమే ఉంది. మిగతా సగం కోళ్ళకు వేసింది వాల్దెమారే. మొత్తం తీసేవాడే కానీ వంగితే నడుం పట్టేసింది.

"ఒంటెలకి కడుపు నిండిపోయింది తాతా!" అన్నాడు సీరో. మిగిలిన గడ్డిని రొట్టెల సంచీలో కుక్కాడు. "ఇది నీ గుర్రాలకి."

"భేష్! గుర్రానికి గడ్డి పెట్టనివాడు సైసెలా అవుతాడురా?" అన్నాడు వాల్దెమార్.

రోమీనా ఫొటోను గోడమీంచి దింపి, అద్దంతో సహా అట్టసంచీలో పెట్టుకుంది. "అక్కడ నిన్ను గుర్తుపట్టేవాళ్ళుంటారు కదా తాతా, చూపిద్దాం."

దెల్మా థర్మాసులో వేడినీళ్ళు పోస్తూ మొగుడి మొహం చూసింది. "గుర్తుపట్టేవాళ్ళుంటే జాగ్రత్తయ్యా" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడం వాల్దెమారుకు నచ్చలేదు.

వాళ్ళుండే సెర్రో కొండనుంచి మరోన్యాస్‌కు రెండు బస్సులు మారాలి. బస్సులో ఉన్నంతసేపూ ఆయన రాజే. డ్రైవర్లంతా పలకరించారు. దిగి మైదానం గేటు దాటాక మాత్రం చంకలో థర్మాసు ఉన్న వేలమందిలో ఆయన కూడా ఒకడు. టోపీలు, గొడుగులు, రాజులు తెచ్చిన కొత్త సైకిళ్ళు, కొత్త బొమ్మలు పట్టుకున్న పిల్లలు, కాలుతున్న సాసేజీల పొగ. రెండు పందాలు దూరంనుంచి చూపించాడు. సీరోకు జాకీల చొక్కాలు నచ్చాయి. రోమీనాకు నచ్చలేదు.

"ఇక్కణ్ణించి ఏం కనిపిస్తుంది? నువ్వు సైసువి కదా, లోపలికి వెళ్దాం పద."

"లోపలికి ఇప్పుడు రానివ్వరమ్మా. రూల్సు మారిపోయాయి."

"పోనీ గుర్రాలు తిరిగే చోటికి?"

పందానికి ముందు గుర్రాలను గుండ్రంగా నడిపించే ఆవరణకు కంచె ఉంటుంది కానీ, ఆ కంచెకు ఆనుకుని ఎవరైనా నిలబడవచ్చు. దానికి రూల్సు లేవు. వాల్దెమారుకు సాకు దొరకలేదు.

గుర్రాలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి. ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క సైసు నడిపిస్తున్నాడు. అన్నీ ధగధగ మెరుస్తున్నాయి, పక్కన నడిచేవాళ్ళు మాత్రం నలిగిపోయి ఉన్నారు. ఏడో నంబరు గోధుమరంగు ఆడగుర్రం తమ దగ్గరికి రాగానే సీరో సంచీ విప్పాడు. వాల్దెమార్ మనవణ్ణి ఎత్తి కంచెమీదుగా ముందుకు వంచాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు వినపడేలా, "అలాగే, అరచెయ్యి చాచి పెట్టు, వేళ్ళు మడవకు" అని సలహా కూడా ఇచ్చాడు. ఆ మాట రేడియోలో విన్నాడు.

గుర్రం ఆత్రంగా మెడ చాచి ఒక్క నోటికి సగం గడ్డి అందుకుంది.

"ఏయ్! ఎవడ్రా అది!"

అరిచింది దాని పక్కనున్న ముసలి సైసు. బక్కపలచని మనిషి, డెబ్బై ఏళ్ళుంటాయి. గుర్రం నోట్లో వేళ్ళు పెట్టి గడ్డి పరకలు బయటికి లాగుతూ తిట్టడం మొదలుపెట్టాడు. "పావుగంటలో పరిగెత్తాల్సిన గుర్రానికి గడ్డి మేపుతారా? పొద్దున్నుంచీ మూతికి చిక్కం కట్టి, పరక కూడా తగలకుండా కాపాడుకొస్తే! పిల్లాడికి తెలీదు, నీకు బుర్ర లేదా పెద్దమనిషీ? ఎక్కణ్ణించొచ్చావు, సర్కస్ నుంచా?"

కంచె వెంబడి జనం గొల్లుమన్నారు. వాల్దెమార్ మనవణ్ణి కిందికి దింపాడు. చెవులు కాలిపోతున్నాయి. అప్పుడు కూడా తప్పించుకునేవాడే. కానీ రోమీనా మొహం ఎర్రబడింది, తాతను అన్నందుకు.

"మా తాతకి మీరు చెప్పక్కర్లేదు! మా తాత కూడా సైసే! చుర్రించెని పెంచింది మా తాతే!"

ముసలాయన ఆగబోయాడు. కానీ వెనక గుర్రం వస్తోంది, తన గుర్రం లాగుతోంది. "ఏ గుర్రాన్ని?" అన్నాడు నడుస్తూనే.

"చుర్రించెని!"

ముసలాయన తల వెనక్కి తిప్పి చూస్తూ చూస్తూ మలుపు తిరిగిపోయాడు.

ఒక చుట్టు తిరిగి రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో వాల్దెమార్ ఐస్‌క్రీమ్ కొనిస్తానన్నాడు, ఒంటికి వెళ్ళాలా అని సీరోను అడిగాడు, ఎండ దెబ్బ తగులుతుందన్నాడు. "ఉండు తాతా, ఆయన వస్తున్నాడుగా" అంటూ రోమీనా అట్టసంచీలోంచి ఫొటో బయటికి తీసింది.

ముసలాయన వచ్చాడు. నడక తగ్గించి ఫొటోలోకి చూశాడు. చూసి, వాల్దెమారును చూశాడు.

"ఈ మోచెయ్యి ఎవరిదమ్మా?"

"అదా? ఎవడో దూరిపోయినవాడంట. అలాంటివాళ్ళు ఈగల్లా ముసురుతారని తాత చెప్పాడు."

"ఓహో" అన్నాడు ముసలాయన. గుర్రం లాక్కుపోయింది.

రెండో చుట్టు. వాల్దెమార్ నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఆయనకిప్పుడు గుర్తొస్తోంది. తాడు ఎవరో చేతిలో పెట్టారని కదా ఇన్నాళ్ళూ అనుకున్నది, ఆ ఎవరో ఒక సన్నటి మనిషి. "ఒక్క క్షణం పట్టుకో తమ్ముడూ" అన్నాడు. గొంతు పూడుకుపోయి ఉంది. ముప్పై నాలుగేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. రానిచ్చి ఉండడు.

ముసలాయన మళ్ళీ వచ్చాడు. తాడు లేని చెయ్యి పైకెత్తి, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నట్టు చేశాడు. మోచెయ్యి సరిగ్గా ఫొటోలోలాగే లేచింది. పక్కనే ఉన్న లావుపాటావిడ ఫొటోలోకి ఒకసారి, ఆయనవైపు ఒకసారి చూసి, "అయ్యో తల్లీ" అంది.

రోమీనా నోరు తెరిచింది. "అది మీరా?"

ముసలాయన జవాబు చెప్పేముందు పిల్లల మొహాలు చూశాడు. సీరో ఖాళీ సంచీ పట్టుకుని ఉన్నాడు. ఆయన గొంతు మెత్తబడింది.

"నేనేనమ్మా. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. మీ తాత తాడు పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు, వదల్లేదు. అది మాత్రం నిజం."

అంతటితో అయిపోయేదే. ఆ మాటను రెండు చేతులా అందుకుని వాల్దెమార్ ఇంటికి పోవచ్చు. కానీ రోమీనా వెలిగిపోతూ తమ్ముడివైపు తిరిగి, "చూశావా? తాతకి సహాయానికి కూడా మనుషులుండేవాళ్ళు!" అంది. ముసలాయన వెంట కంచె పట్టుకుని నడుస్తూ, "మీరు మా తాత కింద పనిచేసేవారా?" అని అడిగింది.

ముసలాయన ఒక్క అడుగు తడబడ్డాడు. తరవాత నవ్వాడు. "అలాంటిదేలే తల్లీ."

తల కొట్టేసినట్టవడమంటే ఏమిటో వాల్దెమారుకు అప్పుడు తెలిసింది. తిట్టినప్పుడు కూడా ఇంత కాలలేదు. తనకోసం ఇంకొకడు, ఆ ఇంకొకడే, అబద్ధం ఆడుతున్నాడు. అదీ నవ్వుతూ.

"కాదు" అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. మళ్ళీ అన్నాడు. "కాదు, రోమీనా. ఆయన నా కింద పనిచెయ్యలేదు. ఆయనే సైసు. నేను బస్సు కండక్టర్ని. అప్పుడూ కండక్టర్నే. డ్యూటీ దిగి వచ్చాను. జనం తోస్తే ఫొటోలో పడ్డాను. దూరిపోయినవాణ్ణి నేనే."

"బ్రష్షుల సంచీ?" అంది రోమీనా.

"టిక్కెట్ల సంచీ."

కంచె దగ్గర ఎవరూ నవ్వలేదు. అదింకా ఘోరం. లావుపాటావిడ మొగుడు మాత్రం "ఇదెక్కడి మనిషి, పిల్లలముందు..." అని ఏదో అనబోయాడు. "నువ్వు నోరు మూసుకో. మనింట్లో అలాంటి ఫొటోలు మూడున్నాయి" అంది ఆవిడ.

గంట మోగింది. జాకీలు గుర్రాలెక్కారు. ముసలాయన వెళ్ళిపోతూ, "యూనిఫారం చూసే ఇచ్చానయ్యా తాడు. యూనిఫారంలో ఉన్నవాడు నమ్మకస్తుడని" అన్నాడు. ఎత్తిపొడుపులా లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఏడో నంబరు ఆరోది వచ్చింది. తన గడ్డివల్ల బరువెక్కిందేమోనని సీరో ఏడ్చాడు. ఆ తరవాత పెద్ద పందెం జరిగింది. నల్ల గుర్రం ఒకటి గెలిచింది. గెలిచీ గెలవగానే జనం కట్ట తెగినట్టు ఫొటోవైపు పరిగెత్తారు.

"రా తాతా, మనమూ వెళ్దాం! చెయ్యి ఆనిస్తే చాలుగా!" అని సీరో లాగాడు.

పిల్లవాడిది పెద్ద బలమేం కాదు. అయినా వాల్దెమార్ రెండు చేతులతో కంచెను పట్టుకున్నాడు.

ఇంటికి బయలుదేరబోతుంటే ముసలాయన సబ్బునీళ్ళ బకెట్టుతో ఎదురయ్యాడు. పేరు ఇందాలేసియో అట. సీరోను చూసి, "నీ గడ్డివల్ల కాదు బాబూ, అది ఎప్పుడూ ఆరోదే వస్తుంది" అని చెప్పాడు. వాల్దెమార్ ఫొటో తీసి ముందుకు చాచాడు.

"ఇది మీది. మీ దగ్గరుండాలి."

"ఏం చేసుకోను? నా గోడమీద నీ మొహమెందుకయ్యా?" అన్నాడు ఇందాలేసియో. "నా మోచెయ్యి నేను రోజూ చూస్తూనే ఉంటాను." అని బకెట్టు పట్టుకుని పోయాడు.

బస్సులో రోమీనా కిటికీ పక్క కూర్చుంది. రెండో బస్సులో సీరో నిద్రపోయాక, వాడు వినడం లేదని రూఢి చేసుకుని, గొంతు తగ్గించి అంది.

"ఒంటెల గడ్డి నువ్వే తీస్తావని నాకు రెండేళ్ళ కిందటే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"అది సీరో కోసం ఆడే అబద్ధం. నీది ఎవరికోసం?"

పాతికేళ్ళపైగా బస్సుల్లో రకరకాల మనుషులకు జవాబులు చెప్పినవాడు, ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఆరు స్టాపులు దాటించాడు.

"బడి మార్చిలో తెరుస్తారు" అంది రోమీనా. "గోడమీద నా వ్యాసం ఉంది. నువ్వే వచ్చి టీచరుకి చెప్పాలి. నేను చెప్పను."

ఇంటికి వచ్చేసరికి దెల్మా ఉల్లిపాయలు తరుగుతోంది. ఉల్లిపాయలు పోసుకునేది ఫొటోలోని ఆ పాత తోలుసంచీలోనే. ముప్పై ఏళ్ళుగా అందులోనే. వాల్దెమార్ దాన్ని ఆ రోజే మొదటిసారి చూసినట్టు చూశాడు.

"ఏమయ్యా, తెలిసిపోయిందా?"

"నీకెప్పట్నించి తెలుసు?"

"నువ్వు సైసునని మొదలుపెట్టిన వారంనుంచి. ఆ సంచీ అడుగున టిక్కెట్ల ముక్కలుండేవి. గుర్రం వెంట్రుక ఒక్కటైనా కనపడితే ఒట్టు" అంది. కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలకో, నవ్వుకో తెలీదు. "ఎప్పటికైనా నువ్వే చెబుతావనుకున్నాను. ఆలస్యమైందంతే."

రెండు నెలలు ఆ ఇంట్లో గోడమీద దీర్ఘచతురస్రంగా తెల్లటి మచ్చ ఒకటి ఉండేది. వచ్చినవాళ్ళు అడిగేవారు. మరమ్మతుకిచ్చామని చెప్పబోయి, నాలుక కరుచుకుని, ఊరుకునేవాడు.

మార్చి రానే వచ్చింది. వాల్దెమార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, రోమీనా పాత తరగతి గదిలో చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. ఎదురుగా తెల్ల అంగీలు, మెడకింద నీలం రిబ్బను ముళ్ళు కట్టుకున్న ముప్పైమంది పిల్లలు. టీచరు ఆయనకు మంచినీళ్ళిచ్చింది. ఆయన లేచి నిలబడి అంతా చెప్పాడు. యూనిఫారం, సంచీ, మోచెయ్యి. మోచేతికి పేరుందని, ఆ పేరు ఇందాలేసియో అని చెప్పాడు. చెబుతున్నంతసేపూ కిటికీవైపే చూశాడు. రోమీనా స్కేలు పెట్టి వ్యాసంలో ఒక్కో వాక్యం కొట్టేస్తూ వచ్చింది. కొట్టివేతలు పోగా రెండు పేజీల్లో ఒక్క వాక్యం మిగిలింది. "ఆ రోజు చుర్రించె తాడు మా తాత చేతిలో ఉంది."

ఇక వెళ్ళిపోవచ్చని ఆయన టోపీ తీసుకున్నాడు. అంతలో వెనక బెంచీనుంచి పళ్ళూడిన పిల్లవాడొకడు చెయ్యెత్తాడు.

"తాతగారూ, మరి నిజంగా ముట్టుకున్నారా గుర్రాన్ని?"

"ముట్టుకున్నాను."

"ఎలా ఉంది?"

వాల్దెమార్ ఆలోచించాడు. ముప్పై నాలుగేళ్ళలో ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. అడగనివ్వకుండా తానే మాట్లాడేవాడు.

"తడిగా ఉంది" అన్నాడు. "పొయ్యిలా వేడిగా ఉంది. గెలిచిందని దానికి తెలీదు. భయపడి వణుకుతోంది. తాడులోంచి ఆ వణుకు నా చేతికి వచ్చింది."

కొత్తగా కల్పించడానికి అలవాటుగా నాలుక లేచింది. పెదవులు బిగించుకుని దాన్ని అక్కడే ఆపాడు. రోమీనా తలెత్తి తాతను చూసింది. ఇంకేమైనా చెబుతాడేమోనని కాసేపు చూసింది. ఆయన చెప్పలేదు. అప్పుడు స్కేలు పక్కన పెట్టి, పెన్ను తీసి, మిగిలిన ఆ ఒక్క వాక్యం కింద రెండోది రాసుకోవడం మొదలుపెట్టింది.